చావు జరిగిన ఇంట్లో ఉజ్జీవం కోసం ప్రార్థన: పాత అనువాదం తెలుగు బైబిల్ ఎంతవరకు అక్కరకొస్తుంది?

ఉజ్జీవం, అంటే చల్లారిన భక్తి మళ్లీ ప్రాణం పోసుకోవడం, అన్న మాట మన ఊళ్లలో ఎక్కువగా ఫ్లెక్సీల మీద కనిపిస్తుంది. మూడు రోజుల ఉజ్జీవ మహాసభలు, ప్రసంగికుల ఫొటోలు, కింద ఫోన్ నంబర్లు. అదే మాటను పాత అనువాదం తెలుగు బైబిల్లో వెతికితే అంత సులువుగా దొరకదు. యెషయా 57:15లో రెండుసార్లు వస్తుంది: ‘వినయముగలవారి ప్రాణమును ఉజ్జీవింపజేయుటకును నలిగినవారి ప్రాణమును ఉజ్జీవింపజేయుటకును’. కీర్తనల్లో చాలా చోట్ల అదే అర్థానికి అనువాదకులు వేరే క్రియ వాడారు. బ్రదికించు.

ఈ సమీక్షకు మూలం ఆ క్రియే. సమాధి కార్యక్రమం ముగిసి, షామియానా కింద కుర్చీలు ఇంకా మడవకముందు ఎవరో ఒకరు 85వ కీర్తన తెరిచి ‘నీవు మరల మమ్మును బ్రదికింపవా?’ అని చదివారనుకోండి. ఉజ్జీవం అంటే సభ గుర్తొస్తుంది. బ్రదికించడం అంటే ఆ ఇంట్లో ఉన్న ప్రతివాళ్లకీ పొద్దున దాకా గదిలో ఉన్న మనిషి గుర్తొస్తాడు. ఆత్మీయ ఉజ్జీవానికి చేసే ప్రార్థన, చనిపోయినవాళ్ల గురించిన ఏడుపు, రెండూ ఒకే మాటలో పట్టే సౌకర్యం ఈ అనువాదంలో ఉంది. ఇది అనుకోకుండా కుదిరిందే కావచ్చు. అయినా వాడుకునేవాళ్లకు చాలా పెద్ద సౌకర్యం.

సమీక్షిస్తున్నది బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం, అంటే చాలా ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఆదివారం చదివే ‘పరిశుద్ధ గ్రంథము’. అచ్చు ప్రతి, ఫోన్‌లో చదివేది, రెండూ. ఇది మంచి అనువాదమా కాదా అన్న పెద్ద చర్చ ఇక్కడ పెట్టడం లేదు. మనిషిని పోగొట్టుకున్న ఇల్లు గానీ, కాపరిని (పాస్టర్‌ను) పోగొట్టుకున్న సంఘం గానీ తర్వాతి నాలుగైదు నెలలు ఉజ్జీవం కోసం ప్రార్థించాలనుకుంటే ఈ పుస్తకం చేతిలో ఎలా పనిచేస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది అన్నదే విషయం.

ముందు బలమైన భాగం. 119వ కీర్తన అంటే చాలామందికి భయం. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. మొత్తం చదవక్కర్లేదు. అందులో ‘నన్ను బ్రదికింపుము’ అన్న విన్నపం తొమ్మిది చోట్ల ఉంది: 25, 37, 40, 88, 107, 149, 154, 156, 159. ఒక చిన్న చీటీ మీద ఈ తొమ్మిది అంకెలు రాసుకుని బైబిల్లో పెట్టుకుంటే తొమ్మిది రోజుల ప్రార్థన తయారైనట్టే. మొదటిదే ఎంత సూటిగా ఉందో చూడండి: ‘నా ప్రాణము మంటిని హత్తుకొనుచున్నది నీ వాక్యముచేత నన్ను బ్రదికింపుము’. సమాధి మీద మట్టి వేసి వచ్చిన చేతులతో చదివేవాళ్లకు ‘మంటిని హత్తుకొనుచున్నది’ అన్న మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. 107లో ‘నేను మిక్కిలి శ్రమపడుచున్నాను’ అని ముందు ఒప్పుకోలు, తర్వాత విన్నపం. ఇక్కడ ఒక క్రమం గమనించాలి. చాలా వచనాల్లో బ్రదికించమని అడగడానికి ఆధారం కూడా పక్కనే ఉంటుంది. నీ కృపచేత, నీ నీతినిబట్టి, నీ మాట చొప్పున. నా కన్నీళ్లను బట్టి, నా ఉపవాసాన్ని బట్టి అని ఒక్కచోటా లేదు. ఎన్ని పూటలు మానేశాం, ఎన్ని గంటలు మోకరించాం అని లెక్కలు చెప్పే ప్రార్థన విని విని అలసిపోయిన ఇంటికి ఇది నిజంగా ఊరట.

అదే కీర్తనలో 50, 93 వచనాలు ‘బ్రదికించియున్నది’, ‘బ్రదికించితివి’ అని జరిగిపోయినట్టు చెబుతాయి. వాటిని తొమ్మిది రోజుల జాబితాలో కలపకపోవడమే మంచిది. మొదటి వారంలో ఆ మాట నోట రానివాళ్ల చేత బలవంతంగా పలికించినట్టవుతుంది. వాటి సమయం వాటికి వస్తుంది.

119లో ఉన్నదంతా ‘నన్ను’. ఒంటరి ప్రార్థన. పదిమంది కూర్చున్నప్పుడు, ముఖ్యంగా సంఘమే నష్టపోయినప్పుడు, 80వ కీర్తన తీయాలి. అది మొత్తం ‘మమ్మును’. 19 వచనాలు. 3, 7, 19 వచనాల్లో ఒకే పల్లవి తిరిగి తిరిగి వస్తుంది, కానీ వచ్చిన ప్రతిసారీ పిలుపు పెరుగుతుంది. మొదట ‘దేవా’. తర్వాత ‘సైన్యములకధిపతివగు దేవా’. చివర ‘యెహోవా, సైన్యములకధిపతివగు దేవా’. గుమ్మం దగ్గర నిలబడి తలుపు కొట్టేవాడు తలుపు తీయకపోతే పేరు పెట్టి, ఇంటిపేరు కూడా కలిపి పిలిచినట్టు ఉంటుంది. ఈ మూడు వచనాలూ అందరూ కలిసి, మిగతావి ఒకరూ చదివితే ప్రార్థన దానంతటదే పైకి లేస్తుంది. మైకు అక్కర్లేదు.

ఈ పల్లవిలోనే అనువాదం తికమకపెట్టే మాట ఒకటుంది. ‘చెరలోనుండి మమ్మును రప్పించుము’. చెర అనగానే జైలు అనుకుంటారు. పిల్లలైతే ఎవర్ని అరెస్టు చేశారని అడుగుతారు. హెబ్రీ మూలంలో ఉన్నది ‘మమ్మల్ని మళ్లించు, తిరిగి తీసుకురా’ అన్న భావం. తెలుగు అనువాదకులు దాన్ని చెరనుంచి తిరిగి రావడంగా తీసుకున్నారు. చదివే ముందు ఒక్క ముక్క చెబితే చాలు, ఆ తర్వాత ఆ మాటే బాగుంటుంది. భర్త పోయాక నాలుగు గోడల మధ్య కూర్చున్న ఆవిడకు చెర అన్న మాట తప్పుగా ఏమీ వినపడదు.

88వ కీర్తన గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన సంఘాల్లో దీన్ని దాదాపు దాచిపెడతాం. ఫిర్యాదుతో మొదలయ్యే కీర్తనలు చాలా ఉన్నాయి గానీ, వాటిలో ఎక్కువ భాగం చివరికొచ్చేసరికి స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. చివరి వచనం ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని అక్కడికక్కడే ఆగిపోతుంది. బంధువర్గం! పదకొండో రోజు భోజనాలయ్యాక బంధువులంతా బస్సులెక్కి వెళ్లిపోయిన ఇంట్లో సాయంత్రం ఆరింటికి ఈ మాట చదివితే తెలుస్తుంది దాని బరువు. 18 వచనాలు, నెమ్మదిగా చదివినా మూడు నిమిషాలు. 7, 10 వచనాల దగ్గర ‘సెలా’ ఉంటుంది, ఆగమన్న సూచనగా చాలామంది తీసుకునే మాట. దాన్ని పైకి చదవొద్దు, అక్కడ ఊరుకోవాలి. నాలుగు ఊపిరులు తీసి వదిలేంత సేపు. చదివేవాళ్లకు ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉండి వెంటనే ‘స్తోత్రం’ అనేస్తారు. అనకూడదు. ఈ కీర్తన అయ్యాక వెంటనే ఇంకో సంతోషకరమైన కీర్తన అతికించడం కూడా తప్పే. బైబిల్ దాన్ని చీకట్లోనే వదిలింది, మనం దీపం పెట్టక్కర్లేదు. ఆ రోజుకు అంతే.

ఉజ్జీవానికీ దీనికీ సంబంధం ఏమిటంటారా? చచ్చిన చోటు ఏదో చెప్పకుండా బ్రదికించమని అడగలేం. నెహెమ్యా 1:4లో క్రియల వరస చూడండి: కూర్చున్నాడు, ఏడ్చాడు, దుఃఖంతో ఉపవాసం ఉన్నాడు, ఆ తర్వాతే విజ్ఞాపన. యెరూషలేము ప్రాకారం పడిపోయిందన్న వార్త యూదుల కిస్లేవు మాసంలో వచ్చింది. రాజు ముందు నోరు తెరిచింది నీసానులో. మధ్యలో నాలుగు నెలలు. మన దగ్గర సమాధి నాడే నిర్ణయాలకు చేతులెత్తమంటారు.

విలాపవాక్యములు ఐదు అధ్యాయాలు, వరసగా 22, 22, 66, 22, 22 వచనాలు, మొత్తం 154. గట్టిగా నెమ్మదిగా చదివితే అరగంటకు దగ్గర. మనవాళ్లకు తెలిసింది మాత్రం 3:22-23 ఒక్కటే, ‘అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది’. క్యాలెండర్ల మీద, వాగ్దాన కార్డుల మీద అదే. ఆ మాటకు ముందు రెండు అధ్యాయాలకు పైగా ఏడుపు ఉందని కార్డు చెప్పదు. ఉజ్జీవ ప్రార్థనకు పనికొచ్చే వచనం నిజానికి 5:21: ‘యెహోవా, నీవు మమ్మును నీతట్టు త్రిప్పిన యెడల మేము తిరిగెదము. మా పూర్వస్థితి మరల మాకు కలుగజేయుము’. తిరగడం కూడా ఆయన తిప్పితేనే అంటుంది. పుస్తకం మాత్రం దాని తర్వాత 22వ వచనంలో ఇంకో ఫిర్యాదుతో ముగుస్తుంది. యూదుల సమాజమందిరాల్లో చదివేటప్పుడు 22 అయ్యాక 21ని మళ్లీ ఒకసారి చదివి ముగిస్తారు. ఆ పద్ధతి మనమూ వాడుకోవచ్చు, బాగా కుదురుతుంది.

హబక్కూకు 3:2 ఉజ్జీవ సభల ఆస్థాన వచనం: ‘ఈ సంవత్సరములు జరుగుచుండగా నీ కార్యము నూతనపరచుము’. దాన్ని ఒంటరిగా వాడటమే లోపం. అదే అధ్యాయం 17వ వచనానికి వెళ్లండి. అంజూరపు చెట్లు, ద్రాక్షచెట్లు, ఒలీవచెట్లు, చేనిలో పైరు, దొడ్డిలో గొఱ్ఱెలు, సాలలో పశువులు. ఆరు నష్టాలు, ఒక్కొక్కటీ పేరు పెట్టి. గంపగుత్తగా ‘మా కష్టాలు నీకు తెలుసు ప్రభువా’ అని దాటేయలేదు. ప్రార్థనలో ఇదే చేయాలి. పోయినవాటిని విడివిడిగా చెప్పాలి: మనిషి, ఆయన తెచ్చే నెల జీతం, ఆదివారం పొద్దున పిల్లల్ని గుడికి తయారుచేసే చేయి, భోజనాల దగ్గర ఖాళీ కుర్చీ. ఆరు చెప్పగలిగితే ఆరు. 18వ వచనంలోని ‘నేను యెహోవాయందు ఆనందించెదను’ అన్నది ఆ జాబితా పూర్తయ్యాక వచ్చే మాట. జాబితా లేకుండా పలికితే డొల్లగా మోగుతుంది.

ఇక వస్తువుగా ఈ పుస్తకం సంగతి. దుఃఖంలో ఉన్న ఇంటికి చిన్న సైజు జిప్ బైబిల్ పనికిరాదు. అక్షరం చిన్నదైతే తెలుగులో ముందు దెబ్బతినేది ఒత్తులు. ‘మొఱ్ఱ’, ‘గొఱ్ఱె’, ‘వాక్యవిధులనుబట్టి’ లాంటివి ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లకు నల్లటి మచ్చల్లా కనిపిస్తాయి. పెద్ద అక్షరాల ప్రతి తీసుకోండి. బరువే, ఒళ్లో పెట్టుకుని చదవాలి, ఒంటి చేత్తో పట్టుకోలేరు. అయినా ఈ పనికి అదే సరైనది. పక్కన పుస్తకాల పేర్ల గాట్లు ఉన్న ప్రతి అయితే హబక్కూకు కోసం అందరి ముందూ తడుముకునే పని తప్పుతుంది. అది మూడు అధ్యాయాల పుస్తకం, నహూముకూ జెఫన్యాకూ మధ్య ఎప్పుడూ దాక్కునే ఉంటుంది. కాగితం బాగా పల్చన. వెనక పేజీ అక్షరాలు కనిపిస్తాయి. ట్యూబ్‌లైట్ కింద పర్వాలేదు గానీ బల్బు వెనక ఉంటే చదవడం కష్టం. బహుమతిగా ఇవ్వాలనుకుంటే ఎర్ర అక్షరాల ప్రతికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. యేసు మాటలు ఎర్రగా ఉంటాయి గానీ మనకు కావలసింది పాత నిబంధనలో ఉంది.

విరామ చిహ్నాలు ఈ అనువాదానికి పెద్ద బలహీనత. కవిత్వ భాగాల్లో పంక్తికీ పంక్తికీ మధ్య కామా ఉండదు. పంక్తులు విడివిడిగా వేసిన చోట సరే. కొన్ని వెబ్‌సైట్లలో, యాప్‌లలో ఆ పంక్తులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు హబక్కూకు 3:2 ఇలా తయారవుతుంది: ‘నేను భయపడుచున్నాను యెహోవా, ఈ సంవత్సరములు జరుగుచుండగా...’ ఆ ‘యెహోవా’ ముందు వాక్యానిదా, తర్వాతి దానిదా? తర్వాతిదే. ‘భయపడుచున్నాను’ దగ్గర ఆగి, ‘యెహోవా’ అని కొత్తగా ఎత్తుకోవాలి. పైకి చదివేవాళ్లు ముందే ఒకసారి మనసులో చదువుకుని, ఆగాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోవాలి. తప్పుడు చోట ఆగితే ప్రార్థన కాస్తా పాఠం ఒప్పజెప్పినట్టు అయిపోతుంది.

ఫోన్ విషయానికొస్తే, యూవెర్షన్ యాప్‌లో పాత అనువాదంతో పాటు సులభ తెలుగులో ఉన్నవి కూడా దొరుకుతాయి. ఒక వచనం నొక్కి రంగు వేసుకోవచ్చు, కాబట్టి ఆ తొమ్మిది వచనాలకు ఒకే రంగు వేసుకుంటే సరి. ఆడియో ఉన్న అనువాదాలు నిద్రపట్టని రాత్రి చాలా అక్కరకొస్తాయి. చదివే ఓపిక లేనప్పుడు పక్కన పెట్టుకుని వినొచ్చు. కానీ కూడికలో ఫోన్ చదవొద్దనే మా సలహా. కారణం భక్తి కాదు, వాట్సాప్. ఇంట్లో చావు జరిగిన వారం ఫోన్‌కి ఓదార్పు మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. 88వ కీర్తన మధ్యలో తెర పైనుంచి ‘రెస్ట్ ఇన్ పీస్’ దిగుతుంది. తప్పదనుకుంటే విమానం గుర్తు నొక్కి, అనువాదాన్ని ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. రోజువారీ వచనం నోటిఫికేషన్ కూడా కొన్నాళ్లు ఆపేయడం మేలు. అది ఎవరింట్లో ఏం జరిగిందో చూసి రాదు.

వాడే పద్ధతికి ఇరవై నిమిషాలు చాలు. గంట పెట్టుకుంటే మూడో రోజుకే మానేస్తారు. కింద కూర్చోలేని పెద్దవాళ్లకు కుర్చీలు. మొదటి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడొద్దు. తర్వాత కీర్తన, మొదటి వారం 13 (ఆరే వచనాలు, ‘ఎన్నాళ్లవరకు’ అని మొదలవుతుంది) లేదా 88. ఐదు నిమిషాలు. ఆ తర్వాత పోయినవాటి పేర్లు, ఎవరికి తోచింది వాళ్లు ఒక్కో వాక్యంలో. ఇది ఆరేడు నిమిషాలు పడుతుంది, ఎక్కువ భాగం మౌనమే. అప్పుడు తొమ్మిదిలో ఆ రోజు వచనం, మూడుసార్లు: ఒకసారి ఒకరు, రెండోసారి అందరూ, మూడోసారి ‘నన్ను’ ఉన్న చోట ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టి. బతికున్నవాళ్ల పేర్లే. ఆఖర్న పరలోక ప్రార్థన. పాట పాడగలిగితే ఒక చరణం, లేకపోతే లేదు. రెండో వారం నుంచి 80, 85. మూడో వారానికి హబక్కూకు 3. విలాపవాక్యములు ఒక్కసారే, తీరిక ఉన్న ఆదివారం సాయంత్రం.

85వ కీర్తన చదివేటప్పుడు 6 దగ్గర ఆపేయొద్దు. 13 వచనాలే కదా, 8 దాకా అయినా వెళ్లాలి. అక్కడ అడిగినవాడు నోరు మూసుకుని, దేవుడు సెలవిచ్చే మాట చెవిపెట్టి వింటానంటాడు. మన ఉజ్జీవ ప్రార్థనల్లో ఈ భాగానికి చోటు తక్కువ.

ఉపవాసం గురించి అడుగుతారు. మొదటి పదిహేను రోజులు వద్దు. చావింట్లో వాళ్లు ఎలాగూ సరిగా తినడం లేదు, దాన్నే ఉపవాసం అని పేరు మార్చకూడదు. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా అసలే వద్దు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని పడుకున్నప్పుడు దూత చెప్పింది ‘లేచి భోజనము చేయుము’ అనే. అది కూడా రెండుసార్లు, మధ్యలో నిద్ర. హోరేబు కొండ మీద దేవుని స్వరం వినడం ఆ తర్వాతి సంగతి. అలాగే, రాత్రి నిద్రపట్టనివాళ్లను నాలుగింటి వేకువ ప్రార్థనకు లేపడం సేవ కాదు. వారాల తరబడి నిద్ర, తిండి లేకపోయినా, చనిపోవాలన్న మాట నోట వచ్చినా ప్రార్థనతో పాటు వైద్యం కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

ఇప్పుడు ఈ పుస్తకాన్నే పట్టుకుని జరిగే తప్పులు. అన్నింటికంటే ఎక్కువ నలిగే వచనం 1 థెస్సలొనీకయులకు 4:13. ‘నిరీక్షణలేని యితరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము’ అని ఉంది. ఆదరణ కూడికలో సగం తెగి ‘దుఃఖపడకుండు’ ఒక్కటే మిగులుతుంది. వెంటనే ‘ఏడవకూడదమ్మా, మనం విశ్వాసులం’. పౌలు ఏడవొద్దనలేదు, ఆశలేనివాళ్లలా ఏడవొద్దన్నాడు. యోహాను 11:35 ఈ అనువాదంలో మూడు మాటలు, ‘యేసు కన్నీళ్లు విడిచెను’. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసీ విడిచాడు. రెండు వచనాలూ పక్కపక్కన చదివితే ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు.

రెండో తప్పు, చావుకు కారణం వెతికి దాంతో మారుమనస్సు పుట్టించాలనుకోవడం. ఇంట్లో ఏదో పాపం ఉంది, అందుకే ఇలా జరిగింది, ఇప్పుడైనా ఉజ్జీవించండి. లూకా 13:4లో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయారు, మిగతావాళ్లకంటే వాళ్లు ఎక్కువ అపరాధులా అని అడిగి యేసే కాదన్నాడు. మారుమనస్సు గురించి ఆయన మాట్లాడింది అక్కడ నిలబడి వింటున్నవాళ్లతో, చచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి కాదు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నంత కాలం బాగానే చేశారు. నోరు తెరిచాకే పాడుచేశారు.

మూడోది కొంచెం సున్నితం. దుఃఖంలో ఉన్న మనిషి ఏదడిగినా సరేనంటాడు. బాప్తిస్మం, కానుక, సాక్ష్యం, ఏదైనా. ఈ విషయంలో మన నేల మీదే గట్టి ఉదాహరణ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు జ్యూవెట్ దంపతులు, వారితో ఉన్న ముగ్గురు తెలుగువాళ్లు, మొత్తం ఐదుగురు మోకరించారు. అప్పటికి ఆ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో మాట్లాడుకుంటున్న కాలం. 1866లో అదే మిషన్‌కు చెందిన మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకుని కూలి ఇప్పించాడు. అప్పుడు బాప్తిస్మం అడిగినవాళ్లకు కొదవ లేదు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం అడుగుతున్నారో ప్రభువు కోసం అడుగుతున్నారో తేలేదాకా సుమారు 15 నెలలు ఆపేశాడు. సహాయం చేతిలో లేని రోజు వచ్చాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. సభల్లో ఆ అంకె మాత్రమే చెబుతారు. ఆ అంకె నిలబడింది దాని ముందున్న 15 నెలల ‘వద్దు’ మీద. ఇంట్లో శవం లేచిన నెలలోనే ‘ఈ మరణం ద్వారా ఎంతమంది మారారు’ అని లెక్క అడిగే సేవకులు ఆ కొండ కిందే తిరుగుతూ ఉండొచ్చు.

ఎవరికి ఈ అనువాదం సరిపోదు? హైదరాబాద్ ఇంగ్లిష్ మీడియం పిల్లలకు, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగిన మనవళ్లకు ‘వాత్సల్యత’, ‘విసర్జించు’, ‘దుఃఖాక్రాంతుడనై’ అందవు. జూమ్‌లో తాతగారి ఆదరణ కూడికకు కలిసినప్పుడు వాళ్లకు సులభ అనువాదం లింకు ముందే పంపండి. ఒక వచనం పాత అనువాదంలో పెద్దవాళ్లు, అదే సులభ తెలుగులో పిల్లలు చదవొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. సులభ అనువాదాల్లో ‘బ్రదికింపుము’ ఉన్న చోట ఏ మాట ఉందో ముందే చూసుకోవాలి. తొమ్మిది చోట్లా ఒకే మాట లేకపోతే ఆ తొమ్మిది రోజుల వరస వాళ్ల చెవికి వరసగా వినపడదు. అలాంటప్పుడు ఆ ఒక్క మాట వరకు పాతదే ఉంచి, దాని అర్థం చెప్పడం నయం. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన ఇళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. వాళ్లకు అసలు కష్టం భాష కాదు, పుస్తకాల వరస. చీటీ మీద పేజీ నంబర్లు కూడా రాసివ్వండి, వాళ్ల ప్రతిలో ఉన్న నంబర్లే.

చాలా ఇళ్లలో బైబిల్ మొదటి ఖాళీ పేజీ మీద పుట్టినరోజులు, పెళ్లిళ్లు, మరణాలు రాస్తారు. ఈ సమయంలో 119:25 పక్కన అంచులో పోయినవాళ్ల పేరు, తేదీ రాసుకోవాలనిపిస్తే రాసుకోండి. జెల్ పెన్ను మాత్రం వాడొద్దు. ఆ పల్చటి కాగితంలో సిరా అవతలి పేజీకి దిగి అక్కడి వచనాలను కప్పేస్తుంది, తడి వేలు తగిలితే అలుక్కుపోతుంది కూడా. మెత్తటి పెన్సిల్ వాడండి, గట్టిగా నొక్కకుండా.